కంప పట్టిన పొలానికి ట్రాక్టరు రూట్ రేక్ ఎంచుకోవడం ఎలా

పదేళ్ళు బీడు పడిన పొలంలో సర్కారు తుమ్మ కమ్ముకుంటే దాన్ని కొట్టించడం అంత కష్టమైన పనేమీ కాదు. బొగ్గు బట్టీల వాళ్ళు వచ్చి కట్టె నరుక్కుపోతారు. కట్టె లావుగా ఉంటే ఎదురు డబ్బిచ్చి మరీ తీసుకుపోతారు. అసలు కష్టం వాళ్ళ బండి గట్టు దాటిన తర్వాత మొదలవుతుంది. నేలకు జానెడు ఎత్తున నరికి వదిలేసిన మోళ్ళు తొలకరి వాన పడగానే నాలుగైదేసి పిలకలు తోస్తాయి, మూడేళ్ళు తిరిగేసరికి ఒక చెట్టు ఉన్న చోట పొదే నిలబడుతుంది. అందువల్ల మోళ్ళూ, వాటి పక్క వేర్లూ నేలలోంచి బయటికి రాక తప్పదు. ఆ వేర్లను మట్టిలోంచి దువ్వి ఒక చోటికి చేర్చే పళ్ళ పనిముట్టును రూట్ రేక్ అంటున్నారు. ఎద్దులకు కట్టే దంతెను చూసిన వారికి దీని పోలిక ఇట్టే అర్థమవుతుంది. కాకపోతే దీని పళ్ళు మందపాటి ఇనుప పలకలు, ఒక్కోటి పది కిలోల దాకా తూగుతుంది.

కొనే ముందే ఒక సంగతి తేల్చుకోవాలి. రేక్ మోడును పెరకదు. జేసీబీ గానీ గడ్డపార గానీ వదులు చేసిన మోళ్ళను, తెగిన వేర్లను మట్టిలోంచి ఏరి కుప్ప వేస్తుంది, అంతవరకే దాని పని. ఈ తేడా తెలియక, నాటుకుని ఉన్న మోడుకు పళ్ళు తగిలించి యాక్సిలరేటర్ తొక్కితే మోడు కదలదు సరికదా పనిముట్టును పట్టి ఉంచే ట్రాక్టరు కింది లింకులు వంగిపోతాయి. నేను మొదటిసారి చేసిన తప్పు కూడా ఇదే కాబట్టి, ఇక్కడ చెప్పే ఎంపిక అంతా ఈ ఒక్క సంగతి మీద ఆధారపడి ఉంటుందని ముందే మనవి చేస్తున్నాను.

ముందు ఒక మోడు తవ్వి చూడండి

షాపుకు వెళ్ళే ముందు గడ్డపార, పార, కొలత టేపు పట్టుకుని పొలంలోకి వెళ్ళండి. కాళ్ళకు బూట్లు తప్పనిసరి. కంప కొట్టిన చోట రెండంగుళాల ముల్లు చెప్పులోంచి నేరుగా పాదంలోకి దిగుతుంది, పొదల కింద రక్తపింజరలు ఉంటాయి. ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగి పాడుబడిన బావులు, పాత బోరు గొట్టాలు, కరెంటు స్తంభాల స్టే వైర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలుసుకుని, ఆ చోట్ల కర్రలు పాతి గుడ్డలు కట్టండి. ఒరలు లేని పాత దిగుడు బావి కంప కింద బొత్తిగా కనిపించదు, ట్రాక్టరు ముందు చక్రం అంచు మీదికి వెళ్ళిన తర్వాత తెలిసి ప్రయోజనం లేదు.

ఆ తర్వాత పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల ఒక చదరం గీసి, అందులో ఉన్న మోళ్ళను లెక్కపెట్టండి. ఆ సంఖ్యను 40తో గుణిస్తే ఎకరానికి ఎన్ని మోళ్ళున్నాయో దాదాపుగా తెలుస్తుంది. ఇలా మూడు చోట్ల చేస్తే చాలు. మోళ్ళ లావు నేల మట్టం దగ్గర కొలవాలి. పైన బొటనవేలంత కనిపించే పిలకల కింద తొడంత మోడు దాగి ఉండటం సాధారణమే.

ఇప్పుడు మధ్యరకం మోడు ఒకటి ఎంచుకుని దాని చుట్టూ మోకాలి లోతు తవ్వండి. రెండు మూడుసార్లు నరకబడిన తుమ్మ అయితే, నేల కింద గుమ్మడికాయంత ముడి ఒకటి కనిపిస్తుంది. దాని మీద గింజల్లా ఉబ్బిన మొగ్గలుంటాయి. పిలకలు పుట్టేది అక్కడినుంచే. నేల మట్టం నుంచి దాదాపు అడుగు లోతు వరకు ఉన్న ఈ భాగం బయటికి వచ్చేస్తే, అంతకంటే కింద మిగిలిన తల్లివేరు మళ్ళీ చిగురించదు. అంటే తల్లివేరును చివరిదాకా వెంటాడవలసిన పని లేదు, అది సాధ్యమూ కాదు. ఈ చెట్టు విత్తనాలను జమైకా నుంచి తెప్పించి 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురంలో నాటించినది ఎండు నేలల్లో వంటచెరకు దొరకాలని. నీటిని వెతుక్కుంటూ ఎంత లోతుకైనా పోయే వేరు ఉండబట్టే అది అక్కడ బతికింది, మన పొలాల్లోకీ వచ్చింది. రేక్‌కు దొరికేవి పైన జానెడు, మూరెడు లోతులో అడ్డంగా పాకే పక్క వేర్లు. వాటి లావునూ, ఎంత దూరం పాకాయో కూడా కొలిచి రాసుకోండి.

ఈ కొలతలు చేతిలో ఉంటే సగం నిర్ణయం అయిపోయినట్టే. పక్క వేర్లు బొటనవేలు లావుకు మించకపోతే, లేదా పొలంలో ఉన్నది ఎక్కువగా లాంటానా, తంగేడు, రేగు పిలకలే అయితే, రేక్ కొనవద్దని నా సలహా. మీ తొమ్మిది పళ్ళ కల్టివేటరుతో పదునులో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి దున్ని, పైకి తేలిన వేర్లను కూలీలతో ఏరించుకుంటే తక్కువలో పోతుంది. వేర్లు మణికట్టు లావున ఉంటే రేక్ అవసరం. మోళ్ళే తొడ లావున ఉంటే, ముందు జేసీబీని పెట్టి మోళ్ళు తీయించి, ఆ తర్వాతే రేక్ సంగతి ఆలోచించాలి. ఇక మొత్తం భూమి రెండు మూడు ఎకరాలే అయితే, జేసీబీ బకెట్‌తోనే వేర్లు కూడా ఏరించుకోవడం మంచిది. ఒక్క వారం పనికి కొన్న రేక్ ఆ తర్వాత పశువుల కొట్టం వెనక తుప్పు పడుతుంది.

చేస్తున్న పనిలో వేప, చింత, తాటి వంటి చెట్లు అడ్డం వస్తే వాటిని కదిలించే ముందు అటవీ శాఖ వారిని అడగండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్ల నరికివేతకు అనుమతి నిబంధనలున్నాయి.

మీ ట్రాక్టరు ఎంత లాగుతుంది, ఎంత మోస్తుంది

రేక్ గురించి అడగగానే ఎవరైనా ముందు అడిగే ప్రశ్న మీది ఎన్ని హెచ్‌పీ అని. నిజానికి ఈ పనిలో హెచ్‌పీ కన్నా బరువు ముఖ్యం. రెండు టన్నుల ట్రాక్టరు మామూలు పొలంలో చక్రాలు జారకుండా లాగగలిగేది, అటూ ఇటూగా, తన బరువులో సగం. అంటే ఒక టన్ను. గంటకు మూడు కిలోమీటర్ల వేగంతో టన్ను బరువు లాగడానికి చక్రాల దగ్గర కావలసింది 11 హెచ్‌పీ మాత్రమే. మీ ఇంజను 45 హెచ్‌పీదైనా 55 హెచ్‌పీదైనా, చక్రం జారడం మొదలైతే ఆ మిగులంతా టైరును అరగదీయడానికే పనికొస్తుంది. కాబట్టి ట్రాక్టరు పుస్తకంలో చూడవలసినవి మొత్తం బరువు, లిఫ్ట్ సామర్థ్యం, పనిముట్లను వెనక తగిలించే మూడు పాయింట్ల లింకేజీ ఏ కేటగిరీదన్నది.

లిఫ్ట్ సామర్థ్యం 1,500 కిలోలని రాసి ఉన్నా, ఆ అంకె సాధారణంగా కింది లింకుల చివరి బాల్స్ దగ్గరిది. రేక్ బరువు ఆ బాల్స్‌కు ఇంకా రెండడుగులు వెనక వేలాడుతుంది కాబట్టి లిఫ్ట్ అంత మోయలేదు. అంతకన్నా ముందు వచ్చే ఇబ్బంది ముందు చక్రాలు తేలిపోవడం. దీన్ని కాగితం మీద లెక్క వేసి చూడవచ్చు. ట్రాక్టరు బరువు 2,000 కిలోలు, అందులో ముందు ఇరుసు మీద పడేది 750 కిలోలు, రెండు ఇరుసుల మధ్య దూరం రెండు మీటర్లు అనుకుందాం. వెనక ఇరుసుకు 1.3 మీటర్ల దూరంలో 250 కిలోల రేక్, దాని పళ్ళ మధ్య 200 కిలోల వేర్లూ మట్టీ వేలాడితే, ముందు ఇరుసు మీద తగ్గే బరువు 450ని 1.3తో గుణించి 2తో భాగించగా వచ్చే 290 కిలోల చిల్లర. ఇంకా 460 దాకా మిగులుతుంది, స్టీరింగు మాట వింటుంది. అదే రేక్ 400 కిలోలదై, వేర్ల కుప్ప 250 కిలోలదైతే, తగ్గేది 420 కిలోల పైచిలుకు; మిగిలేది 330. ట్రాక్టరు బరువులో ఐదో వంతైనా, అంటే ఇక్కడ 400 కిలోలు, ముందు ఇరుసు మీద ఉండాలన్నది పాటించవలసిన కొలత. రెండో రేక్ కొనాలంటే ముందు బంపరుకు 70 కిలోలకు తగ్గకుండా వెయిట్లు తగిలించాలి, లేదా ఆ రేక్‌నే వదులుకోవాలి. మీ ట్రాక్టరు అంకెలతో ఈ లెక్క మీరే వేసుకోండి. అమ్మేవారు వేసి పెట్టరు.

కేటగిరీ సంగతి చిన్నదే అయినా, తప్పితే రేక్ తగులుకోదు. కేటగిరీ ఒకటిలో కింది పిన్నులు 22 మిల్లీమీటర్లు, పై పిన్ను 19 మిల్లీమీటర్లు. కేటగిరీ రెండులో 28, 25. పెద్ద బాల్‌లో చిన్న పిన్ను వేసి నడపకండి. వేరు తగిలిన ప్రతిసారీ ఆ సందులో పిన్ను సుత్తిలా కొట్టుకుని, పిన్నును పట్టి ఉంచే రేక్ చెవులు చీలిపోతాయి. కొలతకు తగిన బుష్ వేయించుకోవచ్చు.

వెనక తగిలించేదా, ముందు తగిలించేదా

వెనక మూడు పాయింట్లకు తగిలించే రేక్ చవక, సరళం, చెడిపోయేందుకు అందులో పెద్దగా ఏమీ లేదు. దాని లోపం మన కంప పొలాల్లోనే బయటపడుతుంది. రేక్ వెనక ఉంటే ముళ్ళ మీదుగా ముందు నడిచేది మీ టైర్లే. ఎండిన తుమ్మ ముల్లు మొన పోకుండా చాలాకాలం ఉంటుంది. ముందు టైర్లలోకి దిగి విరిగిన ముల్లు ఆ రోజు కాకపోతే నాలుగో రోజు ట్యూబును పొడుస్తుంది. కాబట్టి వెనక రేక్ తీసుకునే వారు కొమ్మా రెమ్మా అంతా ముందే కూలీలతో ఏరించి, మోళ్ళూ వేర్లూ మాత్రమే మిగిలిన నేలలో దాన్ని దింపాలి. ఆ ఏరివేత ఖర్చును కూడా రేక్ ధరలో కలిపి చూసుకోండి.

ముందు లోడరుకు బకెట్ బదులుగా తగిలించే రేక్ అయితే కంపను తోసుకుంటూ పోతుంది, టైరుకు దారి శుభ్రమవుతుంది, డ్రైవరు మెడ వెనక్కి తిప్పకుండానే పళ్ళు కనిపిస్తాయి. కుప్ప వేయడం కూడా సులువు. కానీ లోడరు, రేక్, ఎత్తిన కంప, ఇంత బరువూ ముందు ఇరుసు మీదే పడుతుంది. రెండు చక్రాల డ్రైవ్ ఉన్న మామూలు ట్రాక్టరు ముందు ఇరుసు ఇంత దెబ్బకు తయారైంది కాదు. నాలుగు చక్రాల డ్రైవ్ ఉంటేనే ఈ దారి పట్టండి, వెనక లింకులకు కూడా ఏదైనా బరువు తగిలించి నడపండి. మీ ట్రాక్టరుకు ఇప్పటికే లోడరు లేకపోతే, ఒక్క రేక్ కోసం లోడరు కొనడం నాకు సమంజసంగా కనిపించదు.

పైనుంచి దవడలా మూసుకుని కంపను పట్టుకునే రకం కూడా ఉంది. చూడముచ్చటగా పని చేస్తుంది. దాన్ని కొనేవారు ఒక్కటి గమనించాలి: టిప్పింగ్ ట్రాలీకి వాడే ఒంటి హైడ్రాలిక్ పైపుతో ఆ దవడ నడవదు. ట్రాలీ తన బరువుతో తానే కిందికి దిగుతుంది కనుక దానికి నూనె ఒక వైపు వెళితే సరిపోతుంది. దవడ తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ రెండు వైపులా నూనె కావాలి, అంటే రెండు పైపులూ, వేరే వాల్వూ కావాలి. ఆ ఏర్పాటు ఖర్చు అడగకుండా బేరం మొదలుపెట్టవద్దు.

పళ్ళు, వాటి మధ్య సందు, వెడల్పు

అసలు ఎంపిక పళ్ళ దగ్గరే ఉంది. బాట మీద కంకర సర్దడానికీ, ఆకూ అలమూ లాగడానికీ వాడే సన్నని స్ప్రింగు పళ్ళ రేక్‌ను కూడా రేక్ అనే అమ్ముతారు. వేర్లకు అది పనికిరాదు. ఒక్క పూటలో పళ్ళు దువ్వెన పళ్ళలా పక్కలకు తిరుగుతాయి. వేర్ల పనికి పన్ను 20 నుంచి 25 మిల్లీమీటర్ల మందం గల పలకలోంచి కోసినదై ఉండాలి, పళ్ళన్నిటినీ పట్టి ఉంచే అడ్డ దూలం కింద 45 నుంచి 60 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. అంతకంటే పొట్టిగా ఉంటే పోగైన కంప దూలానికి తగిలి ఆగిపోతుంది. పన్ను మొన ముందుకు కొద్దిగా వంగి ఉంటే తనంతట తాను నేలలోకి దిగుతుంది. వంపు మరీ ఎక్కువైతే పన్ను దిగుతూనే పోతుంది, పట్టిన కుప్ప కూడా సులువుగా జారదు.

సందు విషయంలో చాలామంది పొరపాటు పడతారు. దగ్గర పళ్ళయితే ఒక్క వేరూ తప్పించుకోదన్న ఆశతో మూడు అంగుళాల సందు అడుగుతారు. నల్లరేగడిలో ఆ సందులోంచి మట్టి పెళ్ళలు జారవు. పది గజాలు పోయేసరికి రేక్ కాస్తా బ్లేడయిపోయి, మీ పొలంలోని పైమన్ను మొత్తం గట్టు మీది కుప్పలోకి చేరుతుంది. వేర్లు ఎక్కడికీ పోవు, మిగిలినవి రెండో దఫా అడ్డంగా నడిపినప్పుడు దొరుకుతాయి. కుప్పలోకి పోయిన పైమన్ను మాత్రం తిరిగి రాదు. మణికట్టు లావు వేర్లున్న రేగడికి 18 నుంచి 20 సెంటీమీటర్ల సందు, రాళ్ళు తక్కువగా ఉన్న ఎర్ర నేలకు 12 నుంచి 15 సెంటీమీటర్ల సందు సరిపోతాయని నా అనుభవం.

వెడల్పు మీ వెనక టైర్ల బయటి అంచు నుంచి అంచు వరకు ఉంటే చాలు. 45 హెచ్‌పీ తరగతి ట్రాక్టర్లకు అది సుమారు ఐదున్నర అడుగులు వస్తుంది. ఏడడుగుల రేక్ చూపుకు బాగుంటుంది, ఎకరం త్వరగా అయిపోతుందనిపిస్తుంది. కానీ చివరి పన్నుకు ఒక వేరు తగిలితే లాగుడంతా ఒక పక్కన పడి ట్రాక్టరును అటు తిప్పేస్తుంది, ఒక్క లింకే ఆ భారం మోస్తుంది. మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. స్ప్రింగు కల్టివేటరు పన్ను వేరు తగిలితే వెనక్కి ఒరిగి దాటిపోతుంది. రేక్ పన్నుకు ఆ వెసులుబాటు లేదు, దెబ్బ నేరుగా లింకులకు చేరుతుంది. అందుకే వెడల్పు తగ్గించుకోవడం, మనిషి నడక వేగానికి మించకుండా లో గేరులో నడపడం, రెండూ కావాలి.

వెల్డింగ్ షాపులో చేయించుకుంటే

మన దగ్గర రూట్ రేక్ ప్రతి షోరూములోనూ ఉండదు, చాలామంది పనిముట్ల షాపులోనే చేయించుకుంటారు. రేక్ కావాలని మాత్రమే అడిగితే ఎన్ని గేజుల రేకు అని అడుగుతారు. పళ్ళ చట్రం అని చెప్పి, కాగితం మీద బొమ్మ గీసి కొలతలు రాసి ఇవ్వండి. దూలానికి 100 మిల్లీమీటర్ల చదరపు గొట్టం, గోడ మందం 8 మిల్లీమీటర్లకు తగ్గనిది అడగండి. పన్ను దూలానికి కలిసే చోట వెనకవైపు మూల పలక తప్పక వేయించండి, ఎందుకంటే పన్ను విరిగినా వంగినా ముందు అక్కడే.

పళ్ళకు లారీ కమాను పట్టీలు వాడతామని చాలా షాపుల్లో అంటారు. ఇనుము గట్టిదే, చవకే. కానీ ఆ ఇనుమును చల్లగా ఉన్నప్పుడు నేరుగా వెల్డ్ చేస్తే అతుకు పక్కనున్న భాగం గాజులా పెళుసెక్కుతుంది. నేను మొదట చేయించిన రేక్‌లో కుడి నుంచి మూడో పన్ను మొదటి పూటే విరిగింది. అతుకు మీద గీత కూడా పడలేదు. దానికి అరంగుళం కింద, కత్తితో కోసినట్టు తెగింది. విరిగిన ముఖం పటిక ముక్కలా తెల్లగా, గరుకుగా మెరుస్తూ ఉంది, ఎక్కడా సాగిన గుర్తు లేదు. కమాను పట్టీ వాడదలిస్తే వెల్డింగ్ లేకుండా రెండు పలకల మధ్య బోల్టులతో బిగించమనండి. లేదా పన్నును మామూలు ఇనుప పలకతో చేయించి, మొనను మాత్రం గట్టి ఇనుముతో చేసి రెండు బోల్టులతో తగిలించమనండి. అరిగినప్పుడు మొన ఒక్కటే మార్చుకోవచ్చు. పన్ను వంగితే వేడి చేసి సరిచేయవచ్చు, విరిగితే అతికించి ఉపయోగం లేదు. అందుకే విరిగేదానికన్నా వంగేదే మేలని నేను ఇప్పుడు అనుకుంటున్నాను.

మిగతా డబ్బు ఇచ్చే ముందు

బయానా ఇచ్చేటప్పుడే, పొలంలో ఒక గంట నడిపి చూశాక మిగతా డబ్బు ఇస్తానని ఒప్పందం చేసుకోండి. వాన పడి నేల పదునుకు వచ్చిన రోజు చూసుకుని, జేసీబీ మోళ్ళు తీసిన చోట నడపండి. ఎండిన రేగడిలో గానీ, బురదలో గానీ పరీక్షిస్తే మంచి రేక్ కూడా చెడ్డగానే కనిపిస్తుంది. కింది లింకుల పక్క గొలుసులు బిగించి, పళ్ళు జానెడు లోతుకు మించకుండా దింపండి. బండి మొరాయిస్తే వెంటనే క్లచ్ తొక్కి, రేక్ పైకి లేపి, చిక్కుకున్నదేమిటో దిగి చూడండి. పళ్ళు నేలలో ఉండగా రివర్స్ వేయడం, మలుపు తిప్పడం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు. నాటుకున్న మోడు అడ్డం వచ్చినప్పుడు గొలుసు కట్టి లాగవలసి వస్తే, ఆ గొలుసును కింది డ్రాబార్‌కు మాత్రమే కట్టండి. టాప్ లింకుకో ఇరుసుకో కడితే ముందు చక్రాలు లేచి ట్రాక్టరు డ్రైవరు మీదికే వెనక్కి తిరగబడుతుంది.

గంట తర్వాత రేక్‌ను చదునైన చోట దింపి, మొదటి పన్ను మొన నుంచి చివరి పన్ను మొన వరకు ఒక దారం బిగించి పట్టండి. ఏదైనా మొన దారానికి అంగుళం వెనక ఉంటే ఆ పన్ను వంగిందన్న మాట. రెండు మూడు పళ్ళు వరుసగా వెనకబడి ఉంటే వంగినవి పళ్ళు కావు, దూలమే మెలిక పడింది. అటువంటి రేక్‌ను షాపులోనే వదిలేసి బయానా తిరిగి అడగండి. దారం సరిగా ఉంటే, పిన్నుల చెవుల చుట్టూ ఉన్న అతుకులను గుడ్డతో తుడిచి సన్నని పగుళ్ళు ఉన్నాయేమో చూసి, మొనల బోల్టులన్నీ మరోసారి బిగించుకుని, అప్పుడు డబ్బు లెక్కపెట్టండి.